సామ్యేల్ కాక జౌళ్లు

స్ప్రింగు కనబడితే చాలు, సామ్యేల్ కాక దాన్ని సాగదీసి, ఎన్ని జౌళ్ల పని పట్టిందో లెక్క కట్టందే కదలడు. గోదావరిఖని గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ, జేబులోని టేపూ కొక్కెం త్రాసూ రిటైర్ కాలేదు. చుట్టాలింటికి పోయినా ముందు తలుపు స్ప్రింగును పలకరించాకే మనుషులను పలకరిస్తాడు.

"పండుగకు జౌళి తెమ్మంటే జౌళ్ల లెక్క తెస్తడు ఈయన," అంటుంది భార్య సుసన్నా.

పక్క క్వార్టరు జైపాల్‌కు ఈ పిచ్చి చూస్తే ఒళ్లుమంట. ఆ మాటకొస్తే, లైబ్రరీ పుస్తకాలు నమిలి మింగిన ఆ కుర్రాడికి లోకమంతా ఒళ్లుమంటే. బైకు మీంచి పడి కుడి మోచేయి విరిగింది. కట్టు విప్పారు గానీ చేతిలో బలం లేదు. రెండు నెలల్లో ఉద్యోగానికి ఫిట్‌నెస్ పరీక్ష.

కాక తన వరండా స్తంభానికి ఓ స్ప్రింగు కట్టి, దాని కొసకు త్రాసూ పిడీ తగిలించి పిలిచాడు.

"గుంజు బిడ్డా!"

జైపాల్ పళ్లు బిగించి లాగాడు. పది సెంటీమీటర్లు సాగింది. త్రాసులో ఇరవై న్యూటన్లు.

"ఇరవైని పాయింట్ ఒకటి మీటరుతోని గుణిస్తే రెండు జౌళ్లు," అన్నాడు జైపాల్.

"మొదలువెట్టంగనే ఇరవై గుంజినవా? సున్న కాడికెంచి సాగినకొద్ది బలం పెరుగుకుంట పోతది. సగం పట్టాలె. ఒక్కటే జౌల్!"

"చెయ్యి విరిగినోని జౌళ్లల్ల గూడ కోతేనా కాకా?"

నెల గడిచింది. స్ప్రింగు పద్నాలుగు దగ్గర మొండికేసింది. జైపాల్ పిడిని విసిరికొట్టాడు.

"నెలకు నాలుగు సెంటీమీటర్లు! ఇగ నాతోని కాదు."

"బలం ఇరవై ఎనిమిది. సగం చేసి పాయింట్ పద్నాలుగుతోని గుణియ్యి."

"ఒకటి పాయింట్ తొమ్మిది ఆరు..."

"మొదటిరోజు ఒకటి. నీ చెయ్యి రెండింతలు చేస్తుంటే నువ్వు నాలుగు సెంటీమీటర్లని ఏడుస్తవేంది?"

జైపాల్ మెల్లగా పిడి అందుకున్నాడు. "గింత మెత్తటి స్ప్రింగు ఏడ దొరికింది కాకా?"

సుసన్నా మోచేయి గోక్కుంటూ వచ్చింది. "నీ చేతికి సరిపోయేది కావాలని ఎన్ని ఇండ్ల తలుపులు గుంజిండో! అన్నీ గట్టివేనట. ఆఖరికి మా దోమల తలుపుదే ఊడవీకిండు. తలుపు మూసుకోక నెల సంది మమ్ముల దోమలు తింటున్నయ్!"

కాక గబగబా టేపు చుట్టుకోసాగాడు.

ఫిట్‌నెస్ పరీక్ష పాసైన రోజు జైపాల్ తనింటికి కూడా పోకుండా తిన్నగా వచ్చి, ఆ స్ప్రింగును కుడిచేత్తోనే సాగదీసి తలుపుకు తగిలించాడు. కాక త్రాసు తీయబోయాడు.

"లెక్క తర్వాత!" అరిచింది సుసన్నా. "ఇద్దరు ముందుగాల లోపలికొచ్చి తలుపెయ్యుండ్రి!"