కొండెక్కని పికప్

తొంభైల్లో ఒక శుక్రవారం, ఒమాన్‌లో నేను కూలి చేసే కట్టడాల సైట్‌కి సెలవని, సముద్రం ఒడ్డునున్న షినాస్ ఊరికి బయల్దేరాను. దారిలో ఒక ఒమానీ జాలరి తన కొత్త అమెరికా పికప్‌లో ఎక్కించుకుని, చేపల బుట్ట నా ఒళ్లో పెట్టాడు. లారీ అంత బండి అయినా వెనక చోటు లేదు, నిండా బండరాళ్లే. ఊరికే దిగిపోవడం బాగుండదని, అతని ఇంటి ముందు ఆ రాళ్లు దించబోయాను.

"నై సదీక్, నై దోస్త్, ముట్టుకోకు!" అని వచ్చీరాని హిందీలో అరిచాడు. "టీవీ ప్రకటనలో ఇది రాళ్లతోనే కొండెక్కింది. అది చూసే కొన్నాను."

చుట్టూ ఇసుక తప్ప కొండ లేదు.

"మీ ఇండియాలో ఇలాంటి బండ్లు లేవా?" అనడిగాడు.

"బయటి బండికి బండి ధరను మించిన సుంకం పడతది. ఎవరు కొంటరు?"

సుంకం పేరుకే ఉన్న దేశంవాడు, జాలిపడ్డాడు. "మరి రాళ్లు ఎవరు మోస్తారు?"

"మేమే, భాయ్. అక్కడా, ఇక్కడా."