తెల్లదారి మీద గేటు

నీవెస్ బార్దెల్లి అరుస్తున్నంతసేపూ మా పొజ్జాల్తో ఊళ్ళో ఎవరూ భయపడరు. అరవడం ఆపేసి సైకిలెక్కిందంటేనే జాగ్రత్తపడతారు. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మేయరునైనా పాలవాడినైనా ఒకే గొంతుతో తిడుతుంది.

వాళ్ళ నాన్న కౌలు రైతు. నీవెస్ చిన్న వయసులోనే కొండ అవతల ఇటుకబట్టీలో పనికి చేరింది. అటు బస్సు లేదు. వాళ్ళ నాన్న ఎక్కడినుంచో ఒక పాత ఇనుప సైకిలు తెచ్చి గోడకు ఆనించి, "తొక్కుతావా, బట్టీలో పని. తొక్కవా, ఇంట్లో కోళ్ళు" అన్నాడట. ఆమె తొక్కింది. కొండ మీదుగా పోయే తెల్లదారిలో, ఆ సుద్దరాళ్ళ కంకరలో, పెళ్ళయ్యేదాకా రోజూ వెళ్ళి వచ్చింది. వానాకాలంలో బురద చక్రాలకు అంటుకుని తిరగకపోతే సైకిలును భుజాన వేసుకుని నడిచేది. వేసవిలో, వేపుడుకని పిండిలో దొర్లించిన చేపలాగా ఇంటికి చేరేదాన్నని చెప్పి తనే నవ్వేది.

కాలం మారింది. ఆ దుమ్ము కోసమే జనం విమానాలెక్కి రావడం మొదలుపెట్టారు. లావు టైర్ల సైకిళ్ళు, రంగురంగుల చొక్కాలు, ఎత్తు ఎక్కేచోట రొప్పులు. కొండ అంచు వెంబడి పోయి, బార్దెల్లీల పొలం మధ్యగా వాగులోకి దిగి, శ్మశానం పక్కనుంచి ఊళ్ళోకి ఎక్కే దారిని వాళ్ళకు చూపించింది నీవెసే. మలుపు మలుపులో రాళ్ళ మీద సున్నంతో బాణం గుర్తులు వేసింది. ఆదివారం పొద్దున పొయ్యి ఆర్పేశాక నేనూ ఆమె వెనకాల తొక్కేదాన్ని. నా పేరు ఫోస్కా. ఊళ్ళో రొట్టెల కొట్టు నాదే.

గొడవంతా నీవెస్ తమ్ముడు లోరిస్ పొలం అమ్మడంతో మొదలైంది. తండ్రి చివరి రోజుల్లో కొనుక్కున్న ఆ కొండ పొలం లోరిస్ వాటాకు వచ్చింది, ఊళ్ళో ఇల్లు నీవెస్‌కు వచ్చింది. కొన్నవాడు మిలానో నుంచి వచ్చిన ఇంజినీరు, వాల్తోర్తా. పొలంలోని పాత ఇల్లు బాగుచేయించాడు, ఈతకొలను తవ్వించాడు. ఒక సోమవారం పొద్దున చూస్తే తెల్లదారికి అడ్డంగా ఇనుప గేటు. దాని మీద బోర్డు: సొంత స్థలం, కుక్కలున్నాయి.

ఆ పొద్దున్నే లోరిస్ నా కొట్టుకు రొట్టె కోసం వచ్చాడు. అతని వెనకే నీవెస్ వచ్చింది.

"ఒరేయ్, దారి కూడా అమ్మేశావా?"

"దారి అమ్మడమేంటక్కా? పొలం అమ్మాను. దారి పొలంలో ఉంది."

"గాలి కూడా పొలంలోనే ఉంది. అదీ అమ్మావా?"

"ఆయన అడిగాడు, ఇది మీ ఇంటి బాటేనా అని. అవునన్నాను. ఏం తప్పు? మనమేగా తిరిగింది."

"మనమేనా?" నీవెస్ గొంతు తగ్గింది. "మనమేనట్రా?"

లోరిస్ రొట్టె తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. నీవెస్ మేయరు దగ్గరికి వెళ్ళింది. మేయరు బెనిన్యి మంచివాడే, ఎవరితోనూ తగవు పెట్టుకోడు. అదే అతని జబ్బు. "చూద్దాం నీవెస్ గారూ, కమిటీ వేస్తాం" అన్నాడు. ఆమె అతని బల్ల మీదున్న కాఫీ కప్పు తీసి తనే తాగేసి, "నీ కమిటీ వచ్చేలోపు నా మోకాళ్ళు అరిగిపోతాయి" అనేసి వచ్చింది.

కమిటీ రాలేదు. వేసవి వచ్చింది. గేటు పెట్టాక వాగు దగ్గరికి దిగాలంటే లారీలు తిరిగే పెద్దరోడ్డెక్కి, వంతెన దాటి చుట్టూ తిరిగి రావాలి. ఆ వంతెన మీద పక్కకు తప్పుకోడానికి అంచు కూడా ఉండదు. ఒక ఆదివారం మేం నలుగురం వరసగా పోతున్నాం, నేను చివర. లారీ అద్దం నా హ్యాండిల్‌కు తగిలిందట. నాకు తెలిసిందల్లా, నా నోట్లో మట్టి ఉంది, ఎడమ కాలు నా మాట వినడం లేదు, అంతే. తుంటి విరిగింది. లారీ ఆగలేదు.

ఆసుపత్రిలో నీవెస్ మంచం కాళ్ళవైపు నిలబడింది. పళ్ళు తేలేదు, పువ్వులు తేలేదు. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"మళ్ళీ తొక్కగలవన్నారా?"

"డాక్టరు వద్దన్నాడు."

"ఏ డాక్టరు?"

"ఆయన మీద పడకే. ఆయనేం చేశాడు, పాపం."

"ఎవరి మీద పడాలో నాకు తెలుసులే." ఆ మాటంటూ నా దుప్పటి సరిచేసింది. అంత కోపంలోనూ వేళ్ళు మెత్తగానే ఉన్నాయి. తర్వాత కిటికీ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది. ఏడ్చిందేమో నాకు తెలియదు. నేను మాత్రం ఏడ్చాను. నొప్పికి కాదు, ఒళ్ళుమంటకు. ఎవడో కొలనులో ఈదుకోడానికి నా ఆదివారాలు పోయాయి.

ఆసుపత్రినుంచి ఆమె తిన్నగా గేటు దగ్గరికే వెళ్ళింది. అప్పుడు వెంట ఉన్నవాళ్ళు చెప్పారు. వాల్తోర్తా టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు.

"అమ్మా, ఇది నా సొంత స్థలం. బోర్డు చదివారా?"

"చదివాను. నీ బోర్డు మొన్న పుట్టింది. నువ్వు రాకముందే నేనీ దారిలో ముసలిదాన్నయ్యాను."

"నేను డబ్బిచ్చి కొన్నది ప్రశాంతత కోసం."

"నా స్నేహితురాలు ఆసుపత్రిలో ప్రశాంతంగానే పడుకుంది. వెళ్ళి చూసిరా."

అతను పోలీసులను పిలుస్తానన్నాడు. పిలవమంది. వాళ్ళు వచ్చేదాకా ఆగకుండానే సైకిలును గేటు మీదుగా ఎత్తి అవతల దింపి, తనూ ఎక్కి దూకింది. కుక్కలు పరుగెత్తుకొచ్చాయి. చిన్నప్పటినుంచీ పశువుల మధ్య పెరిగిన మనిషి, "ఏయ్, కూర్చో!" అని ఒక్క కేక వేసింది. కుక్కలు కూర్చున్నాయి. ఇంజినీరు నిలబడే ఉన్నాడు.

తర్వాత ప్రతి ఆదివారం అదే పని. మొదట తనొక్కతే. తర్వాత మా నలుగురిలో మిగిలిన ఇద్దరు. తర్వాత పక్క ఊళ్ళవాళ్ళు, ఆపైన భాష కూడా రాని విదేశీయులు. సైకిళ్ళు చేతులు మారుతూ గేటు దాటేవి. పోలీసు అధికారి తుల్లియో వచ్చి, ఆమె పేరు రాసుకుంటూ, "అత్తా, నన్ను ఇరుకున పెట్టకు" అని బతిమాలాడు. "ఇరుకున ఉన్నది దారిరా, నువ్వు కాదు. రాసుకో, స్పెల్లింగు తప్పు రాయకు" అంది.

వాల్తోర్తా కేసు పెట్టాడు. మేమూ పెట్టాం. ఏళ్ళ తరబడి ఊరంతా తిరిగిన దారైతే ఎవరూ మూయడానికి లేదు. అందుకే ఊరివాళ్ళెవరెవరు ఎన్నేళ్ళుగా ఆ దారిలో నడిచారో కోర్టు వినాలి, అదే అసలు విషయం. ముసలివాళ్ళందరినీ చర్చి వ్యానులో పట్నం తీసుకెళ్ళాం. నేను చేతికర్రతో వెళ్ళాను. వాల్తోర్తా వకీలు తన సాక్షిగా లోరిస్‌ను పిలిచాడు. నీవెస్ నా పక్కన కూర్చుని బెంచీ అంచు పట్టుకుంది.

"ఇది మీ ఇంటి బాటేనా?" అని వకీలు అడిగాడు.

"అవునండి," అన్నాడు లోరిస్. తల ఎత్తలేదు.

న్యాయమూర్తి ఆడమనిషి. కళ్ళజోడు తీసింది. "ఆ బాటలో ఎవరు తిరిగేవాళ్ళు?"

"మావాళ్ళు."

"మావాళ్ళంటే?"

లోరిస్ తల ఎత్తి నీవెస్ వైపు చూశాడు. వకీలు దగ్గాడు. చివరికి లోరిస్, "ఊరంతానండి" అన్నాడు. "బట్టీకి పోయేవాళ్ళు, గొర్రెలవాళ్ళు, డాక్టరు, ఫాదరు. మా అమ్మ ఆ పొలంలో ఇంట్లోనే పోయింది. శవపెట్టెను ఆ దారినే మోశాం. ఊళ్ళో మగాళ్ళందరూ భుజం పట్టారు. ఎవరూ ఎవర్నీ అడగలేదు, పోవచ్చా అని."

గేటు తీసేయాలని తీర్పు వచ్చింది. వ్యానులో ముసలివాళ్ళు పాటలు పాడారు. నీవెస్ పాడలేదు. అంతకుముందు కోర్టు మెట్ల మీద లోరిస్ ఆమె దగ్గరికి వచ్చి, "అక్కా, నిజమే చెప్పానుగా" అన్నాడు.

"చెప్పావు. అమ్మేముందు చెప్పుంటే ఫోస్కా తుంటి ఫోస్కాకుండేది." అంతే. వ్యానెక్కి తలుపు గట్టిగా వేసింది.

ఆమె కోపం చల్లారుతుందనుకున్నాం. చల్లారలేదు. గేటైతే పోయింది గానీ, వాల్తోర్తా తన కొలను నీళ్ళు దారి మీదికి వదిలే గొట్టం మాత్రం తీయలేదు. కాలం మారి వానలు పడ్డాక వాగు దగ్గర దారి సగం కోసుకుపోయింది. మున్సిపాలిటీ వాళ్ళు పిడికిలంత రాళ్ళు ఒక ట్రాక్టరు కుమ్మరించి పోయారు. "దీని మీద సైకిలు కాదు, గాడిద కూడా పోదు" అని మేయరుకు వినపడేలా ఊరి నడి చౌకులో అరిచింది. తర్వాత అరవడం ఆపేసింది. పార సైకిలుకు కట్టుకుని బయల్దేరింది. నేను కారులో వెనకాలే వెళ్ళి గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తుంటితో చేయగలిగింది అంతే. నాకూ ఆ రాళ్ళను చూస్తే తిట్లే వస్తున్నాయి. అవన్నీ తిట్టాను.

ఎండెక్కాక లోరిస్ వచ్చాడు, భుజాన గడ్డపారతో. నీళ్ళు పక్కకు మళ్ళేలా కాలవ తవ్వడం మొదలుపెట్టాడు. నీవెస్ ఒక పక్కనుంచి రాళ్ళు ఏరుతూనే ఉంది. చాలాసేపటికి, అటు చూడకుండానే అరిచింది.

"అక్కడ కాదురా, పైన! నీళ్ళు కిందికి పారతాయని కూడా మర్చిపోయావా, కొండ అమ్ముకుని?"

లోరిస్ గడ్డపార తీసుకుని పైకి జరిగాడు.