పిల్లవాడు నా పక్కన పడుకుంటాడు

2022 వానాకాలంలో నేను రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. నా డ్యూటీ ఎన్‌ఐసీయూలో. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళనీ, బరువు తక్కువగా పుట్టినవాళ్ళనీ ఉంచి చూసుకునే గది అది. మా పని అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేది గొట్టాలూ, మిషన్లూ. కానీ అందులో సగం పని మాటలతోనే నడుస్తుంది. బిడ్డ ఇంటికి వెళ్ళే ముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పాలి. దాన్ని డిశ్చార్జ్ కౌన్సెలింగ్ అంటాం. పాలు ఎలా పట్టాలి, ఒళ్ళు చల్లబడకుండా ఎలా చూసుకోవాలి అంటే అందరూ శ్రద్ధగా వింటారు. ఎక్కడ పడుకోబెట్టాలి అనే దగ్గరకొచ్చేసరికి నవ్వేస్తారు. అది కూడా ఒకరు నేర్పాలా అని.

ఆ నెలలో మా దగ్గర కవలలున్నారు. ముందు పుట్టింది పాప, తర్వాత బాబు. రామచంద్రపురం దగ్గర పల్లెలో వరి పండించే కుటుంబం. తల్లి పేరు ప్రశాంతి. ఆమెకు అమ్మ లేదు, చిన్నప్పుడే పోయారట. అందుకని పురుడు అత్తవారింట్లోనే. భర్త శ్రీను నెమ్మదైన మనిషి. ఏ మాటకైనా ముందు తల్లి మొహం చూసేవాడు.

ఆ తల్లి మంగతాయారు గారు. భర్త పోయాక పొలం కౌలుకివ్వకుండా తనే గట్ల మీద నిలబడి చేయించిన మనిషి. రోజూ మండపేట మీదుగా కారులో వచ్చేవారు. కోడలికి క్యారేజీ తెస్తే, పక్క మంచం మీద ఎవరూ లేని బాలింత ఉందని తెలిసి ఆమెకూ తెచ్చేవారు. మా ఆయా దగ్గర్నుంచి డాక్టర్ గారి దాకా అందరినీ పేరుపెట్టి పలకరించేవారు. అద్దంలోంచి పిల్లల్ని చూసి మొదటి రోజే పంపకం చేసేశారు.

"పిల్ల తల్లి పక్కన, పిల్లవాడు నా పక్కన పడుకుంటాడు. ఇద్దరినీ పెట్టుకుని అది ఒక్కతే ఏం లేస్తుందండీ!"

ఆ మాటకి ప్రశాంతి మొహంలో నిజంగా నిశ్చింత కనిపించింది.

పిల్లలు బరువు పెరిగారు. ఇంటికి పంపుదామన్నారు డాక్టర్ గారు. ముందు రోజు నలుగురినీ కౌన్సెలింగ్ గదిలో కూర్చోబెట్టాను. ప్రశాంతి, శ్రీను, మంగతాయారు గారు, ఆవిడ కూతురు పద్మ. వదినా మరదళ్ళకి మాటలున్నా, మధ్యలో ఏదో బిగువు ఉండేది.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, సమంగా ఉండాలి, దిండ్లూ బొంతలూ మొహం దగ్గర ఉండకూడదు అని చెప్పాను. మంగతాయారు గారు ప్రతి మాటకీ అడ్డం తగిలారు.

"తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు వెయ్యాలి కదండీ?"

"వద్దండి. నిద్రలో మొహం అందులోకి తిరిగితే ఊపిరాడదు. ఈ పిల్లలకి తల తిప్పుకునే బలం ఇంకా రాలేదు."

"చీర ఉయ్యాల కూడా వద్దంటారా? నా పిల్లలిద్దరూ అందులోనే పెరిగారండీ."

"మీరు కళ్ళెదురుగా కూర్చుని కాసేపు ఊపితే వేరండి. నిద్రకి మాత్రం వద్దు. అందులో ఒళ్ళు వంగి గెడ్డం గుండెకి ఆనుకుంటుంది. బరువు తక్కువ పిల్లలకి గాలి అందదు."

"సాంబ్రాణి?"

"అది కూడా వద్దండి."

"సరే, ఇంక పీల్చుకోమని గాలి ఒక్కటే ఇస్తాం," అన్నారావిడ. అందరం నవ్వాం.

అప్పుడు ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను. "బిడ్డ పక్కన పడుకునేవాళ్ళలో ఎవరికైనా మందు, సిగరెట్టు అలవాటుందా? నిద్రమాత్రలు వాడేవాళ్ళున్నారా?" మత్తులో ఉన్నవాళ్ళకి బిడ్డ మీదకి ఒరిగినా తెలియదు, పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు. అందుకే అడుగుతాం.

శ్రీను తల అడ్డంగా ఊపాడు. పద్మకి కోపం వచ్చింది.

"ఏంటండీ ఆ మాట? మా ఇంట్లో ఆడవాళ్ళు నిద్రమాత్రలు మింగుతారా? మమ్మల్ని చూస్తే ఎలా కనిపిస్తున్నామండీ?"

"అందరినీ అడుగుతామండి," అని సర్దిచెప్పి, పాల సంగతిలోకి వెళ్ళిపోయాను. మంగతాయారు గారు ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఒళ్ళో ఉన్న తుండు మడత పెడుతూ, విప్పుతూ కూర్చున్నారు. చివరికి ఒప్పుకున్నారని సంతోషించాను.

మర్నాడు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందే, ఆవిడ ఒక్కరే ఎన్‌ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను పక్కకి పిలిచారు.

"సిస్టరు గారూ, మాటవరసకి అడుగుతున్నాను. మా ఊళ్ళో ఒకావిడ ఉంది. నిద్ర పట్టక మాత్ర వేసుకుంటుంది. చిన్న మాత్రేనండి. ఆవిడ పక్కన పిల్లాణ్ణి పడుకోబెట్టకూడదా?"

"పెట్టకూడదండి."

"మనవణ్ణయినా?"

అప్పుడు నాకర్థమైంది. ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

పాల సీసాలు కడిగే గదిలోకి తీసుకెళ్ళి స్టూలు వేశాను. కూర్చున్నాక, నేలవైపు చూస్తూ చెప్పారు. భర్త పోయినప్పట్నుంచీ నిద్ర లేదట. కాకినాడలో ఒక డాక్టరు కొన్నాళ్ళకని రాసిచ్చారు. ఆవిడ మానలేదు. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరకీ వెళ్ళలేదు. ఎవరూ తెలియని ఊళ్ళో ఒక మందుల షాపులో కొని వక్కపొడి డబ్బాలో దాచుకుంటున్నారు.

"మొన్న పెద్ద వాన పడింది చూశావా అమ్మా, ఆ రోజు కిటికీ తీసే ఉందట. జల్లంతా నా మంచం మీదే. తెల్లారి లేచి చూస్తే చీరా, పరుపూ ముద్దయిపోయి ఉన్నాయి. నాకు తెలియనే తెలియలేదు. అంత వానలో లేవనిదాన్ని, ఆ పసిగుడ్డు మీద నా చెయ్యి పడితే లేస్తానా?"

"ఇంట్లో చెప్పండి మామ్మగారూ. ఇందులో తప్పేముంది?"

"నువ్వు నర్సువి కాబట్టి తప్పు లేదంటావు. మా ఊళ్ళో నిద్రమాత్రలంటే పిచ్చి మందులనే అంటారు. పది ఊళ్ళ కూలీలు నా మాట వింటారమ్మా. నా కూతురు నిన్న అన్న మాట నువ్వే విన్నావుగా. దాని ఎదురుగా నేనెలా చెప్పను?" కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నువ్వే ఏదో ఒక రూలు చెప్పెయ్యి. పిల్లలిద్దరూ తల్లి గదిలోనే ఉండాలని చెప్పు. నా పేరు రానివ్వకు."

ఆవిడ చెప్పమన్నది అబద్ధం కాదు. తల్లిదండ్రుల గదిలోనే, ఎవరి మంచం వాళ్ళకి విడిగా ఉండటమే కవలలకి క్షేమం. మేం చెప్పాల్సింది కూడా అదే, ఇళ్ళల్లో కుదరదని గట్టిగా పట్టుబట్టేవాళ్ళం కాదంతే. నేను ఒప్పుకున్నాను. మాత్రలు ఒక్కసారిగా మానెయ్యొద్దు, డాక్టర్ని కలిసి మెల్లగా తగ్గించుకోండి అని చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయారు. వచ్చినప్పటికంటే చిన్నగా అయిపోయినట్టు కనిపించారు.

డిశ్చార్జ్ కాగితాలిస్తూ అందరి ముందూ చెప్పాను. "పిల్లలిద్దరూ అమ్మానాన్నల గదిలోనే పడుకోవాలి. ఇద్దరికీ చెరొక చిన్న మంచం. పెద్దవాళ్ళ మంచం మీద ఎవరి పక్కనా వద్దు."

"అంటే మా అమ్మ పక్కన కూడా వద్దా?" అంది పద్మ.

"ఎవరి పక్కనా వద్దండి. ఇది ఆసుపత్రి రూలు."

నా గొంతులో ఏం వినిపించిందో గానీ, ఆమె నన్ను వదిలేసి ప్రశాంతి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పించావా? మా అమ్మ చేతిలో పిల్లాణ్ణి పెట్టడం ఇష్టం లేకపోతే మొహం మీద చెప్పొచ్చుగా. సిస్టర్‌తో చెప్పించడం ఎందుకు?"

"నేనేం అనలేదు వదినగారూ. నాకసలు తెలియదు," అంది ప్రశాంతి. శ్రీను వైపు చూసింది. అతను బ్యాగు జిప్పు లాగుతున్నాడు.

"అమ్మ నిన్ను కూతురిలా చూసుకుంటోంది," అన్నాడు అటు తిరిగే. "ఇలా చెయ్యకుండా ఉండాల్సింది."

నేను మంగతాయారు గారి వైపు చూశాను. ఆవిడ అద్దంలోంచి లోపలున్న వేరే ఎవరి బిడ్డనో చూస్తున్నారు. ఒక మనిషి నమ్మి చెప్పిన ఆరోగ్యం సంగతి నేను బయటపెట్టకూడదు. "రూలేనండి, నిజంగా రూలే," అని మళ్ళీ అన్నాను. ఎవరూ వినలేదు. ప్రశాంతి కళ్ళు తుడుచుకుంటూ కారెక్కింది.

వారం తర్వాత బరువు చూపించడానికి వచ్చారు. నెలలు నిండని పిల్లలకి ఈ ఫాలో-అప్ తప్పనిసరి. పిల్లలు బాగానే ఉన్నారు. ప్రశాంతిని మాత్రం గుర్తుపట్టలేకపోయాను. కళ్ళు లోపలికి పోయాయి. నిలబడితే తూలుతోంది. శ్రీను, పద్మ బయట కుర్చీల్లో కూర్చున్నారు. బాబును తూకం మీద పెడుతూ అడిగాను.

"ఇంట్లో ఎవరూ సాయం పట్టడం లేదా అమ్మా?"

"నీకు నచ్చినట్టే అయింది కదా, నువ్వే చూసుకో అంటున్నారు సిస్టర్." తర్వాత గొంతు బాగా తగ్గించి చెప్పింది. "నిన్న మధ్యాహ్నం సోఫాలో కూర్చుని బాబుకి పాలిస్తూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి బాబు నా ఒళ్ళో లేడు. సోఫా అంచుకీ దిండుకీ మధ్యకి జారిపోయాడు. మొహం లోపలికి ఉంది. తీసి వీపు తడితే గానీ ఏడవలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేమంటారో అని."

పిల్లల నిద్రకి సోఫా అంత ప్రమాదమైన చోటు ఇంకొకటి లేదని మేం చదువుకున్నదే. వెంటనే డాక్టర్ గారిని పిలిచాను. ఆయన బాబును నిదానంగా పరీక్షించి, భయం లేదన్నారు.

అప్పుడు చూశాను. పాపను ఎత్తుకుని మంగతాయారు గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

ఆవిడ పాపను నా చేతికిచ్చారు. బయటికి వెళ్ళి, "శ్రీనూ, పద్మా, ఇలా రండి," అన్నారు. వాళ్ళు లేచి వచ్చారు. చుట్టూ పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూర్చుని ఉన్నారు. లోపలికి రండి అన్నాను. ఆవిడ కదల్లేదు. బొడ్డులోంచి వక్కపొడి డబ్బా తీసి కొడుకు చేతిలో పెట్టారు.

"ఇవి నిద్రమాత్రలు రా. మీ నాన్న పోయినప్పట్నుంచీ మింగుతున్నాను. పిల్లాణ్ణి నా పక్కన పెట్టొద్దని సిస్టరు గారికి చెప్పింది నేను. కోడలు కాదు."

పద్మ ఆ డబ్బా వైపు చూసింది. "నాకు చెప్పొచ్చుగా అమ్మా," అంది.

"నీకే చెప్పలేకపోయాను."

ఆవిడ ఏడుస్తున్నారు. గట్ల మీద నిలబడి అంతమందిని నడిపించే మనిషి, తెలియనివాళ్ళ మధ్య మొహం దాచుకోవడానికి గోడవైపు తిరిగారు. ప్రశాంతి వెళ్ళి ఓదారుస్తుందనుకున్నాను. వెళ్ళలేదు. బాబును గుండెకి హత్తుకుని ఉన్నచోటే నిలబడింది.

"వారం రోజులు నన్ను అన్ని మాటలంటుంటే చూస్తూ కూర్చున్నారా అత్తయ్యగారూ?"

కోపంగా అనలేదు. అందుకే వినడం ఇంకా కష్టమైంది. మంగతాయారు గారు గోడవైపు తిరిగే, "ఆయ్, కూర్చున్నానమ్మా," అన్నారు. శ్రీను తల దించుకున్నాడు. భార్య చేతిలోంచి బాబును తీసుకోబోయాడు. ఆమె వెంటనే ఇవ్వలేదు.

ఆ రోజు డాక్టర్ గారు అందరినీ కూర్చోబెట్టి ఇంటి పని పంచారు. రాత్రి పిల్లలు తల్లిదండ్రుల గదిలోనే, ఎవరి మంచంలో వాళ్ళు. లేచినప్పుడు పాలకి అందించి, తిరిగి పడుకోబెట్టే పని శ్రీనుది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పిల్లల దగ్గర మెలకువగా కూర్చునేది మంగతాయారు గారు. అప్పుడు ప్రశాంతి తలుపేసుకుని నిద్రపోవాలి. అయితే మాత్రల మత్తు పొద్దుటికి పూర్తిగా వదులుతోందో లేదో కాకినాడ డాక్టర్ని అడిగి తేల్చుకున్నాకే ఆవిడ చేతికి పిల్లలు. అప్పటిదాకా పద్మ ఉండాలి. మంగతాయారు గారు వెంటనే ఆ డాక్టర్ని కలవాలి.

తర్వాత కూడా వాళ్ళు పిల్లల బరువు చూపించడానికి వస్తూనే ఉన్నారు. అత్తాకోడళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. కానీ ముందున్న చనువు మళ్ళీ నేను చూడలేదు. చివరిసారి వచ్చినప్పుడు, మాత్ర సగానికి తగ్గిందని మంగతాయారు గారు తనంతట తానే, కూతురు ఎదుటే చెప్పారు. ప్రశాంతి మాటల మధ్యలో, "పొద్దున్న పూట మామ్మ దగ్గరే ఆడుకుంటారు సిస్టర్," అంది. అంతవరకే.

ఇప్పుడు నేను కౌన్సెలింగ్ వేరేగా చేస్తున్నాను. పడుకోబెట్టడం ఎలాగో అందరికీ కలిపి చెబుతాను. ఆ ప్రశ్న మాత్రం ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడుగుతాను. నిద్రమాత్రలు వాడతారా అని మొదలుపెట్టను. "మీకు నిద్ర బాగా పడుతోందా అండి?" అంటాను. కొందరు నవ్వేసి వెళ్ళిపోతారు. కొందరు తలుపు వేసి ఉందో లేదో వెనక్కి తిరిగి చూస్తారు. వాళ్ళు చెప్పడం మొదలుపెడతారని నాకు అప్పుడే తెలుస్తుంది.

ఒక పెద్దావిడ పరువు కాపాడుతున్నాననుకున్నాను. నిజానికి ఆవిడ బరువు తీసి ఒక బాలింత నెత్తిన పెట్టి ఇంటికి పంపాను. సిగ్గుపడే మనిషి నోరు విప్పాలంటే ముందు గదిలో మిగిలినవాళ్ళు బయటికి వెళ్ళాలి. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ప్రశాంతి వారం రోజులు నింద మోసింది.