పిల్లర్‌లో పైకెక్కిన చప్పుడు

దయ్యాల సంగతి ఎత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. హిందూపురంలో మా వీధిలో ఎవరైనా మొదలుపెడితే, "పనీపాటా లేదా మీకు?" అని మొహం మీదే అనేసేదాన్ని. నేను సివిల్ ఇంజనీర్‌ని. భూకంపం వచ్చినా తట్టుకునేలా పాత బిల్డింగులను గట్టిపరచడం నా పని. కంటితో చూసినది, చేత్తో కొట్టి విన్నది తప్ప దేన్నీ నమ్మలేదు. నా ఖర్మ, చేత్తో కొట్టి విన్నదే నన్ను ఇట్లా చేసింది.

మా అక్క ఇల్లు ధర్మవరంలో. బావవాళ్లు పట్టుచీరలు నేస్తారు. కింద మగ్గాలు, పైన కాపురం. ఒకరోజు భూమి కాస్త అదిరి వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయట. తర్వాత చూస్తే కింది పిల్లర్లకు సన్నటి పగుళ్లు. అక్కకు పెళ్లయిన చాలా ఏళ్లకు బిడ్డ పుట్టాడు, అప్పటికి నెలల పిల్లాడు. వాడు పడుకునేది ఆ పిల్లర్ల మీద నిలిచిన ఇంట్లోనే. పని నేనే చేస్తానన్నాను.

పిల్లర్ మీది పూత గీకి, మూలలు గుండ్రంగా అరగదీసి, ఒక రకం జిగురు పూసి, కార్బన్ నారతో నేసిన నల్లటి గుడ్డను బిగుతుగా చుట్టాలి. ఆరితే రాయిలా అవుతుంది. భూమి ఊగినా పిల్లర్ పగిలి విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది.

బావ ఆ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, "నేత బాగుండాదమ్మా. దీనికి జరీ అంచు ఏస్తే పెళ్లికూతురికి కట్టొచ్చు" అని నవ్వాడు.

ఆరాక రూపాయి బిళ్లతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే బాగా అతుక్కున్నట్టు. బోలుగా మోగితే లోపల గాలి ఉన్నట్టు. అక్కడ చాక్‌పీసుతో గీత గీసి, సన్న రంధ్రం వేసి, సిరంజితో జిగురు ఎక్కిస్తాం. ఇది ప్రతి ఇంట్లోనూ చేసేదే.

నడిమి పిల్లర్‌లో మోకాలి ఎత్తున అట్లాంటి బోలు ఒకటి దొరికింది, అరచెయ్యంత. రంధ్రం వేస్తే జిగురు చుక్క కూడా లోపలికి పోలేదు. అంతా గట్టిగానే ఉంది. మరుసటి రోజు అక్కడ కొడితే ఖంగుమంది. బోలు నడుం ఎత్తున వినిపించింది.

మా మేస్త్రి రామాంజి బిళ్ల పట్టుకుని నా వైపే చూశాడు. "నిన్న ఈడ కదా మేడం గీత గీసింది? ఈపొద్దు ఆడ మోగుతాండాది."

జిగురు ఇంకా ఆరలేదని గదమాయించాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ తర్వాతి రోజు అది భుజం ఎత్తుకు వచ్చింది. ఆపైన నిచ్చెన వేసుకుని కొట్టాల్సి వచ్చింది. చుట్టిన గుడ్డ ఎక్కడా ఉబ్బలేదు, లేవలేదు. చివరికి ఆ చప్పుడు కప్పు దాకా చేరింది. సరిగ్గా ఆ చోటికి పైనే పిల్లాడి ఉయ్యాల.

పైకి పరుగెత్తాను. బిడ్డను తీసుకుని వెంటనే హిందూపురం, అమ్మ దగ్గరికి పొమ్మని అక్కతో అన్నాను.

బావ నవ్వాడు. "ఏమ్మా, ఇంజనీరువి, నువ్వు గూడా ఇట్లా మాట్లాడతాండావా?"

అక్క నవ్వలేదు. "నువ్వే భయపడతాండావంటే నేనింక ఈడ ఉండనే" అని అప్పటికప్పుడే బట్టలు సర్దుకుంది.

మర్నాడు పిల్లర్ అడుగు నుంచి కొస దాకా ఖంగుమంది. పైన గచ్చు, గోడలు, కప్పు అన్నీ కొట్టి చూశాను. ఎక్కడా బోలు లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఊరికే ఇల్లంతా హడలగొట్టానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ సాయంత్రం రైలు పెనుకొండ దాటేసరికి హాయిగా నిద్ర కూడా పట్టింది.

నేను ఇల్లు చేరేసరికి అక్క అప్పుడే పాలిచ్చి, తేన్పు రావాలని పిల్లాణ్ణి నా భుజాన వేసింది. వాడి వీపు మెల్లగా తట్టాను.

ఆ చప్పుడు నాకు తెలుసు.

మళ్లీ తట్టాను. అదే బోలు చప్పుడు. బిడ్డను అక్కకు ఇచ్చేసి, తట్టి చూడమన్నాను. అక్కా తట్టింది. తనకేమీ తేడా తెలియలేదు. మరుసటి రోజు దగ్గు వంక పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గుండె, ఊపిరితిత్తులు అన్నీ బాగున్నాయి, ఎందుకమ్మా ఇంత కంగారు అన్నాడాయన.

ఇప్పుడు వాడు పరుగులు పెడుతున్నాడు. ధర్మవరంలో ఇల్లూ గట్టిగానే ఉంది. నా చెవుల దోషమే అనుకుందామంటే, పిల్లర్ చప్పుడు రామాంజి కూడా విన్నాడు. బిడ్డను ఆ ఇంట్లోంచి పంపింది నేనే. పంపకపోతే ఏమయ్యేదో, పంపినందుకే ఇట్లా అయిందో, ఎంత ఆలోచించినా తెగడం లేదు. అక్కకు ఇప్పటికీ చెప్పలేదు. ఏమని చెప్పాలి?

మొన్న మధ్యాహ్నం వాడు వచ్చి నా ఒడిలో బోర్లా పడుకున్నాడు. "చిన్నమ్మా, జో కొట్టు" అన్నాడు.

చెయ్యి ఎత్తాను. వాడి వీపు మీద దించడానికి ధైర్యం చాలలేదు.