తాతయ్య బుల్లెట్టు, అత్తయ్య పప్పుచారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదైనా పాడైతే ముందు నన్ను వెతికేవారు, ఏం పాడైందో తర్వాత చూసేవారు. అందులో అన్యాయమేమీ లేదు. గోడ గడియారం కానివ్వండి, టార్చిలైటు కానివ్వండి, విప్పడం వరకూ నా చెయ్యి మంచిదే. తిరిగి బిగించాక మాత్రం ఒకటో రెండో స్క్రూలు మిగిలిపోయేవి. చేసినవాళ్ళే ఎక్కువ వేశారని నేను వాదించేవాణ్ణి.

అలాంటి నా చేతికి మా తాతయ్య బుల్లెట్టు వచ్చిందంటే, దానికి వేరే దిక్కు లేకే వచ్చింది. మాకు ధవళేశ్వరం దగ్గర కాలవ పక్కన చిన్న రైసుమిల్లు ఉండేది. తాతయ్య పోయాక మిల్లుతో పాటు బండి కూడా మా బాబాయి చేతికొచ్చింది. అప్పటికే దానికి వయసు మీద పడింది. ఎడం పక్కన క్లచ్చూ, దాన్ని తిప్పే గొలుసూ ఉండే కేసులోంచి ఆయిలు కారి కారి, లోపల గొలుసు గరగరమనేది. కడియంలో నర్సరీ ఉన్న ఒకాయన చాలాకాలంగా ఆ బండి అడుగుతున్నాడు. విసుగెత్తిన బాబాయి ఒక పొద్దున ఉప్మా తింటూ, ఇక ఇచ్చేస్తానన్నాడు.

నేను ఉప్మా పళ్ళెం పక్కకి నెట్టేశాను. ఆ బండి ట్యాంకు మీద కూర్చుని, తాతయ్య రెండు చేతుల మధ్యలోంచి చూసిన లోకం నాకు ఇంకెక్కడా కనబడలేదు. బడికి టైమైందని ఇంట్లో ఎంత చెప్పినా వినకుండా, నేను బాగుచేస్తానని పట్టుపట్టాను.

"సరే, ఇవాళ్టికి నీది," అన్నాడు బాబాయి నవ్వుతూ. "మనిద్దరినీ మోసుకుని ఏటిగట్టు ఎక్కిందా, ఉంచుకుందాం. ఎక్కలేదా, కడియం కబురు పెట్టేస్తాను. ఏడవకూడదు మరి."

పని నాకు తెలుసనే నా నమ్మకం. రాజమండ్రిలో మెకానిక్కు చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆ కేసుకి పైన ఒక మూత, కింద ఒక చిన్న స్క్రూ ఉంటాయి. కింద స్క్రూ తీసేసి, పైనుంచి ఆయిలు మెల్లగా పోస్తూ పోవాలి. కింది బెజ్జంలోంచి ఆయిలు బయటికి తొంగిచూసిందంటే లోపల చాలినంత ఉన్నట్టు. అక్కడితో ఆపి, కారడం తగ్గేదాకా ఆగి, స్క్రూ బిగించెయ్యాలి. బండి సైడు స్టాండు మీద ఒరిగి ఉంటే లెక్క తప్పుతుంది, మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలబడాలి. ఇదంతా ఉన్నది ఉన్నట్టు పాటించాను. ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు కన్నా చదునైన చోటు మా చుట్టుపక్కల లేదని, బండిని అక్కడికే తోసుకెళ్ళి, కాలవ వైపు ఖాళీగా ఉన్న చివర నిలబెట్టాను.

పోస్తూ ఉంటే అది తాగుతూనే ఉంది. ఎన్నాళ్ళ దాహమో పాపం అనుకుని మరికాస్త పోశాను. చివరికి బెజ్జం దగ్గర బొట్టు కనబడింది. బాబాయికి అక్క, మా మేనత్త, కాళ్ళతో ధాన్యంలో చాళ్ళు తీస్తూ అటే చూస్తోంది. మిల్లులో ఆరబోత పనంతా ఆవిడదే. చూసి, మళ్ళీ తన చాళ్ళ పనిలో పడింది.

కిక్కు కొడితే గరగర లేదు. నా నడకే మారిపోయింది. బాబాయి ముందు, నేను వెనక ఎక్కి గట్టు దగ్గరికి వెళ్ళాం. వాలు మొదలవగానే ఇంజను ఊరంతా వినబడేలా గర్జించింది, బండి మాత్రం సగంలో నిలబడిపోయి ఇంకా గర్జించింది. కాలవలో గేదెలు కడుగుతున్నవాళ్ళు పని ఆపి మమ్మల్నే చూశారు.

"బండి బాగానే ఉంది బాబాయ్, నువ్వే కొంచెం తగ్గాలి," అన్నాను.

"ముందు నువ్వు దిగు," అన్నాడు బాబాయి.

తోసుకుంటూ వెనక్కి తెచ్చి, పొద్దుట నిలబెట్టిన చోటే నిలబెట్టాం. సాయంత్రం కబురు పెడతానని చెప్పి బాబాయి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయిలు ఎక్కువైతే క్లచ్చు జారి, ఇంజను ఎంత తిరిగినా బలం చక్రానికి అందదని మెకానిక్కు అనగా విన్నాను. కానీ ఎక్కువ ఎలా అవుతుంది? బెజ్జం చెప్పాకే కదా నేను ఆపింది! బండి పక్కనే చతికిలబడి, అన్నానికి కూడా లేవలేదు.

అత్తయ్యే కంచం పట్టుకుని వచ్చింది. నన్ను బతిమాలలేదు, మందలించలేదు. కంచం గచ్చు మీద పెట్టి, మధ్యలో అన్నం గుట్టగా వేసి, చుట్టూ పప్పుచారు ధారాళంగా పోసింది. చారంతా కాలవ వైపుకి పరిగెత్తి, అటు అంచు దాటి గచ్చు మీద పడింది. ఇటు వైపు కంచం పొడిగా ఉంది. నేను కంచాన్ని తిప్పాను. చారు మళ్ళీ అటే పోయింది.

"దాన్నెందుకురా తిప్పుతావు? ఎటు తిప్పినా అటే పోద్ది," అంది.

"ఈ గచ్చేంటత్తా, వంకరగా ఉంది?"

"వంకరేంటి, వాలు! మీ తాతయ్య దగ్గరుండి పెట్టించాడు. వానొచ్చి నీళ్ళు నిలిస్తే ధాన్యం ఏమైపోద్ది? అందుకే అన్నీ కాలవలోకి లాగేలా చేయించాడు. చివరకొచ్చేసరికి ఇంకా ఎక్కువుంటాది." అని, నా మొహంలోకి చూసి, "నాకు మీ బండ్ల సంగతి తెలీదనుకో. నువ్వు పోసింది కూడా చారులాంటిదే కదరా?" అంది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. స్టాండు మీద బండి నిటారుగానే నిలబెట్టాను, దాని కింద నేలే ఒరిగి బండినీ ఒరగదీసింది. ఆయిలంతా కాలవ వైపు పోగైంది, కొలత చెప్పాల్సిన బెజ్జం ఎత్తు వైపు ఉండిపోయింది. అది దానికి కనబడినదే చెప్పింది, అబద్ధమాడలేదు.

గబగబా తిని, కంచం కడిగి, అందులో నీళ్ళు పోసుకుని చదునైన చోటు కోసం బయల్దేరాను. అరుగు మీద పెట్టి చూశాను, గోడౌను ముందు పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా నీళ్ళు ఏదో ఒక పక్కకి మొగ్గు చూపించాయి. ఆఖరికి ధాన్యం తూచే కాటా గదిలో మాత్రం అంచు చుట్టూ ఒకే ఎత్తున నిలబడ్డాయి. తూకంలో తేడా వస్తే రైతులు ఊరుకోరు కాబట్టి, మా మిల్లులో నిజంగా చదునుగా కట్టిన నేల అదొక్కటే.

అత్తయ్యా నేనూ బండిని అక్కడికి తోశాం. కింది స్క్రూ తియ్యగానే ఎక్కువైన ఆయిలు డబ్బాలోకి ధారగా దూకింది. ధార సన్నబడి, బొట్లయి, బొట్లు కూడా ఆగిపోయాక బిగించాను. ఈసారి ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

బాబాయి మళ్ళీ రానన్నాడు, పొద్దుట జరిగిన సన్మానం చాలన్నాడు. అప్పుడు అత్తయ్య, జన్మలో బుల్లెట్టు ఎక్కని మనిషి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "నేనూ ఎక్కుతాను, పదరా తమ్ముడూ," అంది. ఇద్దరి మధ్యా నేను ఇరుక్కున్నాను. వాలు దగ్గర కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఎదురుగా గోదారి, మొహం నిండా గాలి, వెనక నా భుజం పట్టుకుని "ఆపరా, ఆపరా" అంటున్న అత్తయ్య. బాబాయి ఇంజను ఆపి, ట్యాంకుని అరచేత్తో తట్టాడు. తర్వాత, "కడియం ఆయన్ని ఇంకో బండి చూసుకోమందాంలే," అన్నాడు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. ఎవరు బండి తెచ్చినా నేను ముందు బండిని చూడను, అది నిలబడిన నేలను చూస్తాను. మనుషులతోనూ అంతే. ఎవరి మాటైనా వంకరగా వినబడితే, నేను ఎక్కడ నిలబడి వింటున్నానో ఒకసారి చూసుకుంటాను. ఎప్పుడూ కాదులెండి, గుర్తొచ్చినప్పుడు.

ఒక్క సంగతి మాత్రం ఆ రోజు నన్ను తొలిచింది. గట్టు దిగి ఇంటికి వచ్చాక అత్తయ్యని నిలదీశాను. "పొద్దుట నేను పోస్తుంటే చూస్తూనే ఉన్నావుగా అత్తా. గచ్చు వాలుగా ఉందని అప్పుడే ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే వినేవాడివైతే," అంది అత్తయ్య, "ఈపాటికి బడిలో ఉండేవాడివి కదరా, ఇక్కడ నా ముందెందుకుంటావు?"