హాస్టలు లేని మేనమామ

రెండువేల తొలినాళ్లలో కదిరిలో మా అక్క కూతురి పెళ్లి. పొద్దున టిఫిన్ బంతిలో పెళ్లికొడుకు స్నేహితుల పక్కన కూర్చున్నాను. నాదీ వాళ్లదీ ఒకే యూనివర్సిటీ అని మాటల్లో తేలింది. ఒకడు నా పేరైనా అడక్కుండా, "ఏ హాస్టలన్నా?" అన్నాడు.

"దూరవిద్యప్పా."

"పోస్టులో వచ్చిన డిగ్రీనా? లెయ్యన్నా, ఇది మా కాలేజోళ్ల బంతి!"

వాళ్ల నవ్వులకు మా కరువు జిల్లాలో మిగిలిన నాలుగు మేఘాలూ పారిపోయాయి. కోపంతో నా చెవుల్లో గుంతకల్లు రైళ్లన్నీ ఒకేసారి కూతేశాయి. విస్తరి వదిలి లేచాను.

ముహూర్తానికి అక్క పరుగెత్తుకొచ్చింది. "పిల్ల గంపలో కూచోనుండాది. మేనమామవి, నువ్వు మొయ్యకుంటే ఎట్లరా?"

"ఆ హాస్టలోళ్లనే మొయ్యమను!"

అక్క కళ్లు తుడుచుకుంది. మోశాను. పెళ్లికొడుకు ముందు గంప దించి, ఆ స్నేహితులందరికీ వినబడేలా అరిచాను.

"చూడప్పా, మా పిల్ల పోస్టులో రాలేదు. నేనే మోసుకొచ్చినా!"