చీపురుకి మెంబరు

మా నూకరత్నం పిన్ని వర్క్‌షాపులో డ్రిల్లింగ్ మిషన్ దొంగిలించిందని నర్సీపట్నం చేపల బజారంతా చెప్పుకున్నారు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

2004లో ఊళ్లో కొందరు కలిసి, జీతాలు లేకుండా నడుపుకున్న షెడ్డు అది. చేరేవాళ్లు తలా ఒక పనిముట్టు తెచ్చి పెట్టాలి. తర్వాత అన్నిటినీ అందరూ వాడుకోవచ్చు.

చేపల తట్ట మోసి మోసి పిన్నికి మెడ తిరగడం లేదు. చేపల పెట్టెకి చక్రాలు బిగించుకుందామని చేరింది. వాళ్లు ఆమె చేత రోజూ షెడ్డు ఊడిపించారు తప్ప మిషన్ ముట్టనివ్వలేదు.

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను.

“తుడిసేసినాను బాబూ, మిషనియ్యండి,” అంది పిన్ని.

“సేపల సేతుల్తోనా? అది మెంబర్లకే,” అన్నాడు షెడ్డు చూసుకునే ధర్మారావు.

“మరి నేనేటి?”

“నువ్వు సీపురుకి మెంబరువి.”

అందరూ నవ్వారు. పిన్ని చీపురు అతని కాళ్ల దగ్గర పడేసి, మిషన్ చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఆ సాయంత్రమే ఇంట్లో పెట్టెకి చక్రాలు బిగించుకుంది.

ఆ మిషన్ చనిపోయిన మా బాబాయిది. చేరిన రోజు పిన్ని షెడ్డుకి తెచ్చిన పనిముట్టు అదే.